ఆకలికి రాళ్ళు నిలబెట్టిన దేశం

డబ్లిన్ నగరం మధ్యగా లిఫీ నది పారి సముద్రంలో కలుస్తుంది. ఉత్తరపు గట్టున కస్టమ్ హౌస్ దాటి రేవు వైపు కాస్త నడిస్తే కొందరు మనుషులు ఎదురవుతారు. కంచు విగ్రహాలు. వాళ్ళ కింద పీఠం లేదు, చుట్టూ కంచె లేదు. మనం నడిచే బాట మీదే వాళ్ళూ ఓడ కోసం నడుస్తున్నారు. చెంపలు లోపలికి పోయాయి, ఒంటి మీది గుడ్డలు పేలికలయ్యాయి. ఒకామె చిన్న మూటను గుండెకు హత్తుకుని ఉంది. ఒకాయన మెడ మీదుగా పిల్లను వేసుకున్నాడు. ఆ పిల్ల తల వాలిపోయిన తీరు చూస్తే ప్రాణం ఉందో లేదో చెప్పలేం. అందరి వెనకా ఓ కుక్క. రోవన్ గిలెస్పీ అనే శిల్పి చేసిన ఈ విగ్రహాలను 1997లో ఇక్కడ నిలబెట్టారు. వెనకంతా అద్దాల బ్యాంకు భవనాలు. ఆఫీసులకు పోయేవాళ్ళు చేతిలో కాఫీ కప్పులతో ఆ విగ్రహాల పక్కనుంచే సాగిపోతున్నారు.

నేను ఐర్లండు వెళ్ళింది మా మేనకోడలి దగ్గరికి. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. "కోటలు చూద్దామా మావయ్యా, కొండలు చూద్దామా?" అని అడిగింది. బ్రిటిష్ వాళ్ళతో పోరాడిన చోట్లు చూపించమన్నాను. మొదట నన్ను ఈ విగ్రహాల దగ్గరికే తీసుకొచ్చింది. ఐర్లండు వాళ్ళు తమ స్వాతంత్ర్యం కథను తుపాకులతో కాకుండా ఈ ఆకలితో మొదలుపెడతారని దేశమంతా తిరిగాక అర్థమైంది.

1801 నుంచి ఐర్లండు కాగితం మీద బ్రిటన్‌లో భాగమే. లండన్ పార్లమెంటులో ఐర్లండు సభ్యులు కూర్చునేవారు. కానీ భూమి ఎక్కువగా జమీందార్లది. వాళ్ళలో చాలామంది ఇంగ్లండులో ఉండి శిస్తు వసూలు చేయించుకునేవాళ్ళు. కౌలు రైతు పండించిన ఓట్స్, గోధుమలు, పెంచిన పశువులు కౌలుకే పోయేవి. కడుపు నింపేది ఆలుగడ్డ ఒక్కటే. 1845లో దానికి తెగులు తగిలింది. చూస్తుండగానే ఆకు నల్లబడి, గడ్డ నేలలోనే కుళ్ళిపోయేది. వరసగా కొన్నేళ్ళు అదే గతి. 1841 జనాభా లెక్కల్లో ఆ దీవిలో 81 లక్షలకు పైగా మనుషులుంటే 1851 నాటికి 65 లక్షలే మిగిలారు. పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో పోయారు. అంతకు మించి ఓడలెక్కారు. ఈ రోజుకీ ఆ దీవి జనాభా 1841 నాటి లెక్కను అందుకోలేదు.

తెగులు దేవుడిచ్చిందే అనుకుందాం. తరవాత జరిగింది మాత్రం మనుషుల పని. కరువు నడుస్తుండగానే ధాన్యం, వెన్న, పశువులు ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్ళాయి. 1847 వేసవిలో ప్రభుత్వం గంజి కేంద్రాలు తెరిచింది. ఒక దశలో రోజుకు 30 లక్షల మందికి తిండి పెట్టాయవి. అంటే తలుచుకుంటే చేతనైన పనేనన్నమాట. కొద్ది నెలల్లోనే వాటిని మూసేసి, పేదల భారం మొత్తం స్థానిక పన్నుల మీద, వర్క్‌హౌస్ అనే పేదల ఖైదు లాంటి ఇళ్ళ మీద పడేశారు. పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడు సాయం కావాలంటే ఆ భూమిని వదులుకోవాలని చట్టం తెచ్చారు. లండన్ ఖజానాలో కూర్చుని ఈ సాయాన్ని నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్. ఊరికే పెడితే పేదలు పాడైపోతారని, మార్కెట్ పని మార్కెట్‌ను చేసుకోనివ్వాలని గట్టిగా నమ్మినవాడు. చేసిన సేవకు 1848లో సర్ బిరుదు ఇచ్చారు.

ఆ పేరు విని నేను అక్కడే ఆగిపోయాను. ఈ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. గుంటూరు, కడప, కర్నూలు, గోదావరి ప్రాంతాలన్నీ ఆయన ఏలుబడిలోవే. అంతకుముందు కుర్రతనంలో కంపెనీ ఉద్యోగిగా ఢిల్లీలో, కలకత్తాలో పనిచేశాడు. చదివింది హేలీబరీలో, కంపెనీ తన ఉద్యోగులకు పాఠాలు చెప్పించే కళాశాలలో. జనాభా పెరిగితే కరువే దాన్ని సరిచేస్తుందని రాసిన మాల్తస్ అక్కడ ఆచార్యుడు. మద్రాసులో ట్రెవెల్యన్ ఉన్నది ఏడాదికి కాస్త పైన, అంతే. కొత్త ఆదాయపు పన్ను మన జనానికి భారమని బహిరంగంగా ఎదిరించినందుకు పై ప్రభుత్వం వెనక్కి పిలిపించింది. ఆ మాట చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే. అయినా ఐర్లండు ఆకలిని లెక్కగట్టిన బుర్రలే మన ఆకలినీ లెక్కగట్టాయన్న సంగతి ఆ నది గట్టున నిలబడినప్పుడు తెలిసినంతగా నాకు ఏ పుస్తకంలోనూ తెలియలేదు.

ఓకానల్ వీధిలో పెద్ద పోస్టాఫీసు ఉంది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం నాడు, ప్యాట్రిక్ పియర్స్ అనే బడిపంతులు ఆ భవనం ముందు నిలబడి ఐర్లండు గణతంత్ర ప్రకటన చదివాడు. వారం తిరక్కుండానే బ్రిటిష్ ఫిరంగులు ఆ వీధిని నేలమట్టం చేశాయి. ముందున్న రాతి స్తంభాల మీద తుపాకి గుళ్ళ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వేలు పెట్టి చూశాను. వేలి మొదటి కణుపు దాకా దిగింది. లోపల మామూలుగా పోస్టాఫీసు నడుస్తోంది. ముసలివాళ్ళు పింఛను కోసం వరసలో నిలబడ్డారు, ఒకమ్మాయి పార్సిల్ కట్టిస్తోంది. ఆ భవనాన్ని పూర్తిగా మ్యూజియం చేసి తాళం వేయకపోవడం నాకు ఎంతో నచ్చింది.

అక్కడికి దక్షిణంగా, నది దాటి కొంత దూరం పోతే స్టీఫెన్స్ గ్రీన్ పార్కు. ఆ వారమే అక్కడా కాల్పులు జరిగాయి. పార్కు కాపలాదారు బాతులకు మేత వేసే వేళకు రెండు పక్షాలూ తుపాకులు దించేవని అక్కడివాళ్ళు ఇష్టంగా చెప్పుకుంటారు. నేను ఆ పార్కులో ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం వి.వి. గిరి గారి కోసం. బరంపురం నుంచి ఇరవై ఏళ్ళు నిండని ఆ తెలుగు కుర్రాడు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చాడు. అప్పట్లో ఈ పార్కు పక్కనే ఉన్న యూనివర్సిటీ కాలేజీలోనూ, కింగ్స్ ఇన్స్‌లోనూ చదివాడు. ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకడైన థామస్ మెక్‌డొనా ఆ కాలేజీలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. తిరుగుబాటు అణిచాక గిరి దేశం వదిలి పోవాలని ఉత్తర్వు వచ్చింది. 1916లోనే ఇంటికి తిరిగొచ్చాడు. ఆ ఏడుగురిలో మరొకడు జేమ్స్ కానలీ, కార్మికుల నాయకుడు. గిరి తరవాత రైల్వే కార్మికుల సంఘాలు కట్టడం వెనక డబ్లిన్‌లో చూసిన పోరాటాలున్నాయి. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు 1937 నాటి ఐర్లండు రాజ్యాంగం నుంచి తెచ్చుకున్నవని గ్రూప్స్ పరీక్షలు రాసే పిల్లలందరికీ నోటికొచ్చు. ఆ ఒక్క మార్కు జవాబు వెనక ఇంత రాకపోక ఉందని ఎవరైనా వాళ్ళకు చెబితే బాగుండును.

కిల్‌మేనమ్ జైలు ఊరికి పడమటి చివర. 1796లో తెరిచారు, 1924లో మూశారు. పాడుబడిపోయిన ఆ కట్టడాన్ని 1960 నుంచి మామూలు మనుషులు కూలి తీసుకోకుండా బాగుచేశారు. పాత భాగంలో వసారాలు ఇరుకు, గోడల్లో చెమ్మ. కరువు ఏళ్ళలో ఈ జైలు కిక్కిరిసిపోయింది. రొట్టె దొంగిలించినవాళ్ళు కొందరు, లోపలైతే ఇంత గంజి పోస్తారని కావాలనే నేరం చేసి వచ్చినవాళ్ళు కొందరు. పసిపిల్లలు కూడా ఉన్నారని చెబుతూ గైడు ఓ గది తలుపు తెరిచి పట్టుకుంది. ఇద్దరు పడుకోవడానికే చోటు చాలని గది అది.

సంతకం చేసిన ఆ ఏడుగురిలో ఇంకొకడైన జోసెఫ్ ప్లంకెట్ ఈ జైలు ప్రార్థన గదిలోనే గ్రేస్ గిఫర్డ్‌ను పెళ్ళాడాడు. కొన్ని గంటలకే, తెల్లవారుజామున, అతన్ని కాల్చేశారు. 1916 మే 3 నుంచి 12 వరకు పద్నాలుగు మందిని ఇక్కడి రాళ్ళు కొట్టే పెరట్లో నిలబెట్టి కాల్చారు. పెరడంటే నాలుగు ఎత్తయిన గోడలు, కింద కంకర. ఒక చివర చిన్న నల్ల శిలువ ఉంది, పదమూడు మందికి. రెండో చివర, గేటు పక్కనే, ఇంకో శిలువ. అది కానలీది. గాయాలతో నిలబడలేని మనిషిని బండిలో తెచ్చి, అటు చివరిదాకా తీసుకెళ్ళడం కుదరక, గేటు దగ్గరే కుర్చీకి కట్టి కాల్చారు. ఆ రెండు శిలువల మధ్య నడిచే కాసేపట్లో మాతో వచ్చినవాళ్ళలో ఒక్కరూ మాట్లాడలేదు. తిరుగుబాటు రోజుల్లో డబ్లిన్ జనంలో చాలామందికి ఈ పోరాటం పట్టలేదు, విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. ఈ కాల్పుల తరవాతే దేశం వీళ్ళవైపు తిరిగింది.

గైడు అంతటితో ఆపలేదు. 1921 డిసెంబరు ఒప్పందంతో దేశం చేతికొచ్చింది, ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. ఒప్పుకున్నవాళ్ళకూ ఒప్పుకోనివాళ్ళకూ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. 1922 నవంబరులో ఇదే జైల్లో నలుగురు కుర్రాళ్ళను సొంత ప్రభుత్వమే కాల్చి చంపింది. ప్లంకెట్ భార్య గ్రేస్‌ను 1923లో ఇక్కడే బంధించారు. గది గోడ మీద ఆమె గీసిన మేరీమాత బొమ్మ ఉంది. సొంతవాళ్ళు చేసిన తప్పును కూడా అదే గొంతుతో చెప్పడం చూసి ఆ గైడు మీద నాకు గౌరవం కలిగింది.

డబ్లిన్ దాటి పడమరకు పోయేకొద్దీ నేల రాళ్ళు తేలుతుంది. కానెమారా ప్రాంతంలో పొలానికీ పొలానికీ మధ్య సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. కొండ మీదికి కూడా ఆ గోడలు ఎక్కుతాయి. వాన వస్తుంది, ఎండ వస్తుంది, మళ్ళీ వాన. గొర్రెల వీపుల మీద గుర్తుకోసం నీలం, ఎరుపు రంగులు పూసి ఉంటాయి. బోగ్ అనే చిత్తడి నేలల్లోంచి కోసి ఎండబెట్టిన మట్టి పెళ్ళలను పొయ్యిలో కాలుస్తారు. ఆ పొగ వాసన ఊరికి అల్లంత దూరం నుంచే తెలుస్తుంది. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పకుండా ఎవరూ దిగరు. స్కూలు పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అంతే. దారి అడిగితే, దారి చెప్పి, ఏ ఊరు మీది అని అడిగి, ఆ ఊళ్ళో వానలెలా ఉన్నాయని కూడా అడుగుతారు.

లూయిస్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఓ పెద్దావిడ ఇంట్లో దిగాం. రాత్రి భోజనంలో ఉడికించిన ఆలుగడ్డల్ని పాలు, వెన్న వేసి మెదిపి, అందులో క్యాబేజీ కలిపి పెట్టింది. పప్పుగుత్తితో మెదిపిన మన ముద్దకూర లాగే ఉంది, కారం ఒక్కటే లేదు. పక్కన మళ్ళీ వేయించిన ఆలుగడ్డలు. తెగులుకు అంతమందిని పోగొట్టుకున్నా ఆ పంట మీద ఆ జనానికి కోపం రాలేదు. కంచంలో మిగలకుండా తిన్నానని ఆవిడ సంతోషించింది. మర్నాడు డూలాక్ లోయకు వెళ్తున్నామంటే, "మెల్లగా వెళ్ళండి, మధ్యలో కారు దిగి నడవండి" అంది.

ఆవిడ ఎందుకు అలా చెప్పిందో అక్కడికి పోయాక తెలిసింది. 1849 మార్చి చివర్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆకలి జనం లూయిస్‌బర్గ్‌లో పోగయ్యారు. అధికారులు వచ్చి చూసి సంతకం పెడితేనే గింజలు. అధికారులేమో అక్కడ ఆగకుండా డెల్ఫీ అనే వేట బంగళాకు పోయి, పొద్దున్నే అక్కడికి రమ్మని కబురు పెట్టారు. పన్నెండు మైళ్ళ దారి. జనం రాత్రికి రాత్రి చలిలో, నీళ్ళలో పడి నడిచారు. చేరాక దొరలు భోజనం చేస్తున్నారు, ఆగమన్నారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. చివరికి ఏమీ ఇవ్వకుండా తిప్పి పంపేశారు. వెనక్కి వచ్చే దారిలో, డూలాక్ సరస్సు ఒడ్డున, చాలామంది పడిపోయారు.

లోయలో ఇల్లు లేదు, చెట్టు లేదు. రెండు పక్కలా నిటారు కొండలు, మధ్యలో నల్లటి నీళ్ళు. ఎదుటి కొండవాలు మీద ఎండ ఏటవాలుగా పడినప్పుడు గడ్డి కింద గట్లు గట్లుగా చారలు కనిపించాయి. మేనకోడలు చెబితే తప్ప అవేమిటో నాకు తెలియలేదు. ఒకప్పుడు ఆలుగడ్డలు నాటిన సాళ్ళు. ఆ పంట వేసినవాళ్ళు మళ్ళీ రాలేదు, ఆ నేలను ఇంకెవరూ దున్నలేదు. అందుకని సాళ్ళు అలాగే ఉండిపోయాయి.

రోడ్డు పక్కన ఓ సాదా రాతి శిలువ. దాని మీద చనిపోయినవాళ్ళ తలపు, దాంతోపాటు గాంధీ గారి మాట చెక్కి ఉంది. తోటి మనుషుల్ని అవమానించి తమకు గౌరవం దక్కిందని మనుషులు ఎలా అనుకోగలరన్న ప్రశ్న అది. అంత దూరాన, మనిషి అలికిడి లేని లోయలో, ఆ పేరు చదివేసరికి నా కళ్ళు చెమర్చాయి. ఏటా ఆ దారిలో జనం జ్ఞాపకంగా నడుస్తారు. దక్షిణాఫ్రికా నుంచి డెస్మండ్ టూటూ కూడా వచ్చి నడిచాడు.

అక్కడ నిలబడి నేను మన కరువుల గురించే ఆలోచించాను. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాలో కరువొచ్చింది. డొక్కల కరువన్నారు దాన్ని. అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది చనిపోయారని లెక్క. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను ఊడ్చేసింది. దక్షిణ, పశ్చిమ భారతంలో అంతా కలిపి అర కోటికి పైగా పోయారు. ఆ రోజుల్లోనూ ధాన్యం ఓడలెక్కింది. సాయం ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్, రాళ్ళు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొంచెం డబ్బు చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఐర్లండులో పనికిరాని రోడ్లు వేయించి కూలి ఇచ్చారు, ఇక్కడ కాలువలు తవ్వించారు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే. దానికి పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరుది.

మనవాళ్ళ పేరు మీద ఒక రాయి? గుంటూరులో ఎన్నో ఏళ్ళున్నాను, కర్నూలు దారిన ఎన్నోసార్లు వెళ్ళాను. నా కంటికి ఒక్కటీ కనపడలేదు. కూడళ్ళలో నాయకుల విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. జైళ్ళకు వెళ్ళినవాళ్ళ పేర్లు బడి పుస్తకాల్లో ఉన్నాయి. గంజి కోసం వరసలో నిలబడి కూలిపోయినవాళ్ళు మాత్రం కరువులో అధికమాసం లాంటి సామెతల్లోనే మిగిలారు. పరాయి పాలన అంటే ఏమిటో మొదట ఒంటి మీద అనుభవించినవాళ్ళు వాళ్ళే. వాళ్ళను వదిలేసి చెప్పుకునే స్వాతంత్ర్య చరిత్ర నాకు సగమే అనిపిస్తుంది.

అక్కణ్ణుంచి దక్షిణాన కార్క్ వైపు వచ్చాం. మిడిల్టన్ పట్నంలో, ఓ పార్కులో, తొమ్మిది ఉక్కు ఈకలు వలయంగా ఆకాశంలోకి నిలబడ్డాయి. ఒక్కోటి మూడు నిలువుల ఎత్తుంటుంది. అమెరికాలోని చోక్టా ఆదివాసులకు ఐర్లండు చెప్పుకున్న కృతజ్ఞత అది. సొంత నేల నుంచి తరిమేస్తే దారిలో వేలమందిని పోగొట్టుకున్న ఆ జనం, పదహారేళ్ళు తిరక్కుండా, 1847లో, ఎప్పుడూ చూడని ఐర్లండు ఆకలి కోసం తమలో తాము పోగుచేసి 170 డాలర్లు పంపారు. ఆ ఈకల మీద సన్నటి ఈనెలు కూడా చెక్కారు, వేలితో తడిమితే తగులుతాయి.

ఇదే మిడిల్టన్‌లో ఇంకో కట్టడముంది. మిడిల్టన్ కాలేజీ. జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ చిన్నప్పుడు చదివిన బడి. అతన్ని వెనకేసుకొచ్చిన పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయ్యర్ ఆ పక్కనే టిప్పరరీ మనిషి. జలియన్‌వాలాబాగ్ కాల్పుల మరుసటి ఏడే, 1920లో, జలంధర్‌లో ఉన్న కానాట్ రేంజర్స్ పటాలంలోని ఐర్లండు సిపాయిలు, తమ దేశంలో బ్రిటిష్ సైన్యం చేస్తున్న దౌర్జన్యం తెలిసి తుపాకులు దించేశారు. ఆ పటాలానికే చెందిన జేమ్స్ డాలీని దగ్‌షాయ్‌లో కాల్చి చంపారు. మనల్ని కాల్పించినవాణ్ణి వెనకేసుకొచ్చినవాడూ, మన నేల మీద ఆ సైన్యాన్ని ధిక్కరించి చచ్చిపోయినవాడూ ఒకే దేశం బిడ్డలు. ఏలికల కింద నలిగిన జనం నుంచే ఏలికలకు సిపాయిలూ అధికారులూ దొరుకుతారు. మన పటాలాలు కూడా సామ్రాజ్యం కోసం ఎక్కడెక్కడికో వెళ్ళి యుద్ధం చేశాయి కదా. నలిగినవాడు ఇంకొకణ్ణి నలపడని నమ్మలేం. చోక్టా వాళ్ళలా చేయి చాచడం ఒక ఎంపిక. ఎంచుకున్నవాళ్ళను చెప్పుకోవాలి, ఎంచుకోనివాళ్ళనూ చెప్పుకోవాలి.

చివరగా చూసింది కోవ్ రేవు. 1848 నుంచి 1950 దాకా ఐర్లండు విడిచిన 60 లక్షల మందిలో 25 లక్షల మంది ఇక్కడే ఓడ ఎక్కారు. గట్టు మీద యానీ మూర్ అనే అమ్మాయి విగ్రహం ఉంది. 1892లో న్యూయార్కు ఎలిస్ ఐలండ్ వలస కేంద్రంలో దిగిన మొదటి మనిషి ఆమె. ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని నిలబడి ఉంది. పక్కనే పాత రైలు స్టేషన్లో వలస పోయినవాళ్ళ కథలు, ఓడల బొమ్మలు, వాళ్ళు తిన్న తిండి సైతం ప్రదర్శనకు పెట్టారు. అమెరికా నుంచి వచ్చిన ఓ కుటుంబం తమ తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటోంది.

"మన దగ్గర ఇలాంటి రేవు ఏది మావయ్యా?" అంది మేనకోడలు. ఆ పిల్లకు కోరంగి గురించి చెప్పాను. నందన కరువు ముగిసిన కొన్నేళ్ళకే ఆ రేవు నుంచి మన జనం కూలీలుగా మారిషస్‌కు ఓడలెక్కారు, తరవాత బర్మాకూ పోయారు. ఆ దేశాల్లో తెలుగువాణ్ణి ఆ రేవు పేరుతోనే పిలిచారు. 1839 తుపాను ఆ ఊరిని ముంచేసింది. ఇప్పుడక్కడ మడ అడవులు, వాటి మధ్య చెక్క వంతెన, ఆదివారాలు కాకినాడ నుంచి వచ్చే కుటుంబాలు. ఆ వంతెన మొదట్లోనే ఓ బోర్డు పెట్టొచ్చు. ఏ ఏళ్ళలో కరువులొచ్చాయో, ఏ జిల్లాల జనం పోయారో, మిగిలినవాళ్ళు ఎక్కడికి ఓడలెక్కారో తెలుగులో నాలుగు వరసలు చాలు. మారిషస్ నుంచి ముత్తాతల ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం కింద ఫ్రెంచిలో కూడా రాయాలి.